డుకాట్‌కు విగ్రహం కావాలి, డమార్‌కు అక్కర్లేదు

విలన్‌కు ఒక కూతురిని ఇచ్చి, ఆ కూతురి మీద కాస్త ప్రేమ చూపిస్తే చాలు, అతను లోతైన పాత్ర అయిపోయాడని మనం ఒప్పేసుకుంటాం. ‘స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్’ చూసినవాళ్లు గల్ డుకాట్‌ను (గల్ అన్నది అతని సైనిక హోదా) మెచ్చుకునే తీరు వింటే నాకు ప్రతిసారీ ఇదే అనిపిస్తుంది. 1993 జనవరి నుంచి 1999 జూన్ దాకా ఏడు సీజన్లు నడిచిన ఆ సిరీస్‌లో శత్రువులందరిలోకీ సంక్లిష్టమైనవాడు డుకాటేనన్నది దాదాపు స్థిరపడిపోయిన అభిప్రాయం. నేను దాన్ని ఒప్పుకోను. డుకాట్ మాటకారి, ఆకర్షణ ఉన్నవాడు, నటుడు మార్క్ అలైమో ఆ పాత్రకు ప్రాణం పోశాడు, అదంతా నిజమే. కానీ నైతికంగా మనల్ని ఇబ్బంది పెట్టవలసిన మనిషి అతను కాదు. ఆ మనిషి, అతని వెనక చాలాకాలం పేరు కూడా గుర్తుండని కిందిస్థాయి అధికారిగా నిలబడిన డమార్. కర్నూలులో కూర్చుని ఈ సిరీస్ చూసేవాడికి ఈ తేడా ఇంకొంచెం తొందరగా కనబడాలని కూడా నా అభిప్రాయం.

చూడనివాళ్ల కోసం నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. బజోర్ అనే గ్రహాన్ని కార్డాసియన్లు సుమారు యాభై ఏళ్లు ఆక్రమించి, గనుల్లో, శిబిరాల్లో జనంతో వెట్టిచాకిరీ చేయించి, చివరికి ప్రతిఘటనకు తట్టుకోలేక వెళ్లిపోతారు. వాళ్లు వదిలేసిన అంతరిక్ష స్థావరమే కథాస్థలం. దాని పాత పేరు టెరోక్ నోర్. ఆక్రమణ చివరి రోజుల్లో బజోర్ మొత్తానికి పాలనాధికారిగా డుకాట్ కూర్చున్నది ఆ స్థావరంలోనే, ఆ కుర్చీలోనే. ఇప్పుడు ఆ కుర్చీలో, భూమి కూడా ఉన్న గ్రహాల కూటమి ఫెడరేషన్ తరఫు అధికారి సిస్కో కూర్చుంటాడు, అతనికి సహాయకురాలిగా ఒకప్పుడు తుపాకీ పట్టి కార్డాసియన్లతో పోరాడిన కీరా ఉంటుంది.

డుకాట్ ఎట్లాంటివాడో తెలుసుకోవడానికి ఆరో సీజన్‌లో ‘వాల్ట్జ్’ అనే ఎపిసోడ్ ఒక్కటి చాలు. గాయపడి కదలలేని సిస్కో, మతి చలించిన డుకాట్ ఒక గుహలో చిక్కుకుంటారు. డుకాట్ తన పాలనను సమర్థించుకుంటూ లెక్కలు చెబుతాడు. తాను పదవిలోకి రాగానే శిబిరాల్లో ఉత్పత్తి లక్ష్యాలను సగానికి తగ్గించాడట, పిల్లలతో పని మాన్పించాడట, తిండి, వైద్యం మెరుగుపరిచాడట, చావులు ఇరవై శాతం తగ్గాయట. దానికి బదులుగా బజోర్ తిరుగుబాటుదారులు బాంబు పెట్టి రెండువందల మంది కార్డాసియన్లను చంపారు కాబట్టి తానూ రెండువందల మందిని పట్టి చంపించాడట. రెండువందలకు రెండువందలు, అది క్రూరత్వం కాదు, న్యాయం అంటాడు. సిస్కో అతణ్ణి ఇంకా ఇంకా మాట్లాడనిస్తే ఆ దయామయుడి మాటల అడుగున ఉన్నది బయటపడుతుంది: వాళ్లలో ఒక్కణ్ణి కూడా మిగల్చకుండా చంపి ఉండవలసిందని అరుస్తాడు. అంతకుముందే ఇంకోచోట, బజోర్‌లో తనకు ఇప్పటికీ ఒక్క విగ్రహం కూడా లేదని అతను నొచ్చుకుంటాడు. ఆ మాట సరదాకు అన్నది కాదు, మనస్ఫూర్తిగా బాధపడుతూ అన్నది.

ఈ మనిషిని మనకు ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. ఊరికి బోరు వేయించాను, ఆడపిల్లల పెండ్లిండ్లకు సాయం చేశాను, గుడికి గోపురం కట్టించాను, మరి ఊరు నా మాట కాదని అవతలివాడి పక్కన నిలబడితే ఊరుకుంటానా అని అడిగే పెద్దమనిషిని రాయలసీమ పల్లెల్లో పుట్టినవాళ్లం దగ్గర నుంచి చూశాం. 1990ల చివర నుంచి మన సినిమా అతనికి తెల్లచొక్కా తొడిగి, సుమోలను గాల్లోకి లేపి, వెనక సంగీతం పెట్టి హీరోను చేసింది. అతనికొక గతం, చనిపోయిన తమ్ముడు, ఏడ్చే తల్లి. వీటన్నింటితో అతని హింసకు కారణం దొరుకుతుంది, కారణం దొరికింది కాబట్టి అతను మనకు అర్థమయ్యాడు, అర్థమయ్యాడు కాబట్టి గొప్ప పాత్ర. ఇదే దారిలో డుకాట్‌కు కూడా అభిమానులు తయారయ్యారు. అతనికి ఒక బజోర్ స్త్రీతో పుట్టిన జియాల్ అనే కూతురుంది, ఆమెను చంపేయడానికి వెళ్లి చంపలేక ఇంటికి తెచ్చుకుంటాడు. ఆ ప్రేమ నిజమైనదేనని నేను ఒప్పుకుంటాను. అయితే ఆ ప్రేమ బజోర్‌కు అతను ఇవ్వవలసిన జవాబులో ఒక్క అక్షరాన్ని కూడా మార్చదు. కూతురిని ప్రేమించినవాడు పరాయి కూతుళ్లను శిబిరాలకు తోలాడన్నది అతని సంక్లిష్టతకు గుర్తు కాదు, నేరాన్ని ఇంకాస్త పెంచే విషయం.

ఈ సిరీస్ సంక్లిష్టతను నిజంగా ఎక్కడ వెతికిందో మొదటి సీజన్ చివరలోనే, 1993 జూన్‌లో వచ్చిన ‘డ్యుయెట్’ చెబుతుంది. గాలిటెప్ అనే శిబిరంలో మాత్రమే రాగల జబ్బుతో ఒక కార్డాసియన్ స్థావరానికి వస్తాడు. ఆ శిబిరం అధిపతి దార్‌హీల్ ఇతనేనని కీరా నమ్ముతుంది, అతనూ చేసిన ఘోరాలను గర్వంగా ఏకరువు పెడతాడు. విచారణ సాగేకొద్దీ నిజం తేలుతుంది. అసలు దార్‌హీల్ ఏనాడో చనిపోయాడు, ఘనంగా అంత్యక్రియలు కూడా అయ్యాయి. ఇతను మారిట్జా, ఆ శిబిరంలో ఫైళ్లు సర్దే గుమాస్తా. రాత్రుళ్లు అరుపులు వినలేక చెవులు మూసుకుని పడుకున్నవాడు. తన ముఖానికి శస్త్రచికిత్స చేయించుకుని అధిపతిలా మారి, దొరికిపోవడానికే వచ్చాడు. తనను విచారించి శిక్షిస్తేనైనా కార్డాసియా తన తప్పు ఒప్పుకోక తప్పదని అతని ఆశ. హారిస్ యూలిన్ ఆ పాత్రలో ఏడ్చే చివరి ఘట్టం టెలివిజన్‌లో నేను చూసిన గొప్ప నటనల్లో ఒకటి.

ఈ ఎపిసోడ్‌ను మా మేనమామతో కలిసి చూశాను, మధ్యమధ్యలో తెలుగులో చెబుతూ. ఆయనది ఒకప్పుడు రెండు పార్టీలుగా చీలి, చాలా ఏళ్లు పొలాలు బీడు పెట్టుకున్న ఊరు. మారిట్జా ఎవరో తెలిశాక ఆయన కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, “చేసినోడేమో మంచంలో హాయిగా సచ్చిపాయె, సూసినోడొచ్చి నన్ను ఉరి తీయండంటాండాడు. మా ఊర్లో ఇట్లాంటోడు ఒక్కడున్నా సాలు గదరా అల్లుడా” అన్నాడు. అప్పుడే వాళ్ల ఊరి రాజీ సంగతి చెప్పాడు. పెద్దలు మధ్యలో కూర్చుని రెండు పక్షాలనూ కలిపిన రోజు రచ్చబండ దగ్గర పెద్ద వంట చేశారట, పగవాళ్లు పక్కపక్కన కూర్చుని తిన్నారట. ఆ తగాదాల్లో ఒక పక్షం జీతగాడు ఒకడు చనిపోయి ఉన్నాడు, అతనికి ఎవరితోనూ పగ లేదు, ఎద్దులు తోలుకుని వస్తూ మధ్యలో పడ్డాడు. ఆ జీతగాడి భార్య ఆరోజు ఆ వంట పాత్రలు తోమిందట. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు, ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. తర్వాతి ఎన్నికల్లో ఒక పక్షానికి సర్పంచి, రెండో పక్షానికి ఉపసర్పంచి.

పొత్తులు మారడమంటే ఏమిటో ఇంతకంటే సూటిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. డీప్ స్పేస్ నైన్‌లో పొత్తులు చాలాసార్లు మారతాయి, ఎవరు ఎవరి పక్కన ఉన్నారో గుర్తుపెట్టుకోవడమే ఒక పని. నాలుగో సీజన్ మొదట్లో క్లింగాన్లు అనే యోధజాతి కార్డాసియా మీద దండెత్తి, అది కూడదన్న ఫెడరేషన్‌తో పాత ఒప్పందాన్ని తెంచుకుంటారు. ఐదో సీజన్‌లో డుకాట్ తన దేశాన్ని డొమినియన్ అనే మహాశక్తికి అప్పగించగానే అదే క్లింగాన్లు మళ్లీ ఫెడరేషన్ పక్కకు వస్తారు. బజోర్ తనను తాను కాపాడుకోవడానికి, సిస్కో సలహా మీదనే, డొమినియన్‌తో యుద్ధం చేయబోనని సంతకం పెడుతుంది. ఇవన్నీ కథలో ఉత్కంఠ కోసం వేసిన మలుపులేనని కొందరంటారు. నాకు మాత్రం ఇవి దత్తమండలాల చరిత్రలా కనిపిస్తాయి. టిప్పుసుల్తాన్ మీద కంపెనీవాళ్లు, నిజాం, మరాఠాలు ఒక్కటై పోరాడి 1792లో భూములు పంచుకున్నారు. మూడేళ్లు తిరగకుండానే, 1795లో, ఖర్దా దగ్గర మరాఠాలు నిజాంను ఓడిస్తుంటే కంపెనీ చేతులు కట్టుకుని చూసింది. 1800లో అదే నిజాం, కంపెనీ సైన్యం ఖర్చు కింద, టిప్పు రాజ్యం నుంచి తన వాటాకు వచ్చిన కడప, అనంతపురం, బళ్ళారి ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చేశాడు. ఆ భూమిని దున్నేవాళ్లను ఏ సంతకానికి ముందూ ఎవరూ అడగలేదు.

సిరీస్‌లో ఈ రాసిచ్చే పని రెండుసార్లు జరుగుతుంది, ఆ రెండే నన్ను గట్టిగా పట్టుకున్నాయి. మొదటిది మాకీల కథ. ఫెడరేషన్, కార్డాసియా సరిహద్దు గీసుకున్నప్పుడు కొన్ని ఫెడరేషన్ వలసగ్రామాలు కార్డాసియా వైపు పడిపోతాయి, అక్కడివాళ్లు కదలబోమని ఆయుధాలు పడతారు. స్వర్గంలో ఉన్నవాళ్లకు సాధువులుగా ఉండడం సులువేనని సిస్కో రెండో సీజన్‌లో ఆవేశపడేది వీళ్ల గురించే. అదే సిస్కో ఐదో సీజన్‌లో మాకీ నాయకుడు ఎడింగ్టన్‌ను పట్టుకోవాలన్న పంతంతో ఒక మాకీ గ్రహపు గాలిలో విషం కలిపి, యాభై ఏళ్లు మనుషులెవరూ బతకలేకుండా చేస్తాడు. ఎడింగ్టన్ అంతకుముందు కార్డాసియన్ల గ్రహాలకు చేసింది అదే. సిరీస్ ఈ ఘట్టాన్ని తొందరగా దాటేసింది. ఊళ్లు ఖాళీ చేసిన రెండు పక్షాలూ గ్రహాలు మార్చుకుంటే లెక్క సరిపోయినట్టు ఎపిసోడ్ ముగుస్తుంది. సరిపోలేదని నా అభిప్రాయం.

రెండోది డమార్‌ది. డుకాట్ మతి చెడ్డాక కార్డాసియాకు నాయకుడైన డమార్ పేరుకే నాయకుడు. డొమినియన్ ప్రతినిధి వేయూన్ చూపించినచోట సంతకం పెడతాడు, కనార్ అనే మద్యం తాగుతాడు. ఏడో సీజన్‌లో బ్రీన్ అనే కొత్త మిత్రులతో డొమినియన్ చేసుకున్న ఒప్పందం మీద చదవకుండా సంతకం చేయమంటారు, తన దేశపు భూమిలో కొంత వాళ్లకు వెళ్లిందని అతనికి తర్వాత తెలుస్తుంది. సెప్టిమస్ అనే చోట ఐదు లక్షల మంది కార్డాసియన్ సైనికులను డొమినియన్ సాయం పంపకుండా చావనిస్తుంది. డమార్ తిరగబడతాడు. ఇక్కడిదాకా ఇది మామూలు కథే, అవమానపడిన అధికారి పక్షం మారాడు అంతే, మన ఊళ్లలో ఎన్నికల ముందు జరిగేదానికి దీనికీ తేడా లేదు.

తేడా ఆ తర్వాత వస్తుంది. తిరుగుబాటు ఎట్లా నడపాలో డమార్‌కు నేర్పడానికి ఫెడరేషన్ ఎవరిని పంపాలి? గెరిల్లా యుద్ధం బాగా తెలిసినది కీరాకే, ఆమె నేర్చుకున్నదీ డమార్ జాతి మీదనే. కార్డాసియన్లు బజోర్ స్త్రీ దగ్గర పాఠాలు నేర్చుకోవలసి రావడం మింగుడుపడదని ఆమెకు ఫెడరేషన్ నౌకాదళమైన స్టార్‌ఫ్లీట్ యూనిఫాం తొడిగి పంపిస్తారు. ఆ యూనిఫాం వేసుకుని, ఒకప్పుడు తన జనాన్ని చంపినవాళ్లకు తమ స్థావరాల మీద దాడి ఎట్లా చేయాలో ఆమె చెబుతూ ఉంటే, డమార్ అనుచరుడు రూసోట్ మాటమాటకూ ఎదురు తిరుగుతాడు. ఇట్లా ఉండగా దాక్కున్న డమార్ భార్యను, కొడుకును డొమినియన్ పట్టుకుని చంపేసిందని కబురు వస్తుంది. నిరపరాధులైన ఆడవాళ్లనూ పిల్లలనూ చంపమని ఆజ్ఞలిచ్చేవాళ్లు ఎట్లాంటి మనుషులు అని డమార్ అంటాడు. గది అవతలి వైపు నుంచి కీరా అదే ప్రశ్నను అతని మీదికి తిప్పుతుంది: అవును డమార్, ఎట్లాంటి మనుషులు?

ఆ ఒక్క మాట కోసమే ఏడు సీజన్లు చూడవచ్చు. కొడుకు పోయిన తండ్రితో అనవలసిన మాట కాదని కీరాకే మరుక్షణం అనిపిస్తుంది. అక్కడే ఉన్న గరక్, ఒకప్పటి కార్డాసియన్ గూఢచారి, డమార్ నిజంగా తాము ఆశించినవాడైతే ఈ దుఃఖం వల్లనే ఆ మాట అతనికి ఇంకా బాగా తాకుతుందని చెబుతాడు. తాకుతుంది కూడా. తర్వాత శత్రునౌకలో కీరా వైపు రూసోట్ తుపాకీ ఎత్తినప్పుడు డమార్ తన పాత స్నేహితుణ్ణే కాల్చేస్తాడు, రూసోట్ కోరుకునే కార్డాసియా చచ్చిపోయింది, ఇక తిరిగి రాదు అంటాడు. గమనించవలసినది ఏమిటంటే డమార్ ఎక్కడా తాను మంచివాణ్ణని చెప్పుకోడు, కీరాను క్షమాపణ అడగడు, ఆమెతో స్నేహం చేయాలని చూడడు. డుకాట్ ఏళ్ల తరబడి కీరా దగ్గర కోరుకున్నది సర్టిఫికెట్, తాను చెడ్డవాడు కాదని ఆమె నోట అనిపించుకోవడం. డమార్‌కు ఆ అవసరం లేదు. ఆమె అడిగిన ప్రశ్న తనదేనని అతను తీసుకున్నాడు. ఆ కీరా ఎదుట నిలబడి ఉన్న డమారే డుకాట్ కూతురు జియాల్‌ను కాల్చి చంపినవాడు కూడా. కీరాకు జియాల్ దగ్గరి మనిషి. ఆ రక్తం వాళ్లిద్దరి మధ్య అట్లాగే ఉండిపోతుంది, సిరీస్ దాన్ని తుడవలేదు, తుడవకపోవడమే బాగుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. జవాబుదారీతనమే కొలమానమైతే మన పక్షంవాళ్ల సంగతేమిటి? అప్పటిదాకా తటస్థంగా ఉన్న రోములన్లు అనే ఇంకో జాతిని యుద్ధంలోకి దింపడానికి సిస్కో గరక్‌తో కలిసి దొంగ రికార్డింగ్ తయారుచేయించాడు, అది బయటపడబోతే గరక్ ఆ రోములన్ సెనేటర్ నౌకలో బాంబు పెట్టి చంపాడు, నింద డొమినియన్ మీద పడి రోములన్లు యుద్ధంలో దిగారు. 1998 ఏప్రిల్‌లో వచ్చిన ఆ ఎపిసోడ్ అంతా సిస్కో కెమెరా ముందు చేసుకునే ఒప్పుకోలు, చివర్లో ఆ ఒప్పుకోలును తానే చెరిపేస్తాడు. అభిమానులు దీన్ని సిస్కో ఘనతగా చెప్పుకోవడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. గొప్ప ఎపిసోడే, కాదనను. కానీ అందులో సిస్కో గొప్పవాడు కాడు. అధికారం లేని గుమాస్తా చేయని నేరాన్ని నెత్తిన వేసుకుని బయటికి వస్తే, అధికారం ఉన్న కెప్టెన్ చేసిన నేరాన్ని గదిలో చెప్పుకుని చెరిపేశాడు. కొలమానం మన పక్షానికి కూడా పెడితేనే నిలబడుతుంది, పెట్టినప్పుడు సిస్కో మారిట్జా కంటే కింద పడతాడు.

కీరా విషయం ఇంత తేలిక కాదు. ఆమె పాత దాడిలో ముఖం కాలిపోయిన ఒక కార్డాసియన్ పనివాడు ఐదో సీజన్‌లో ఆమె పాత సహచరులను ఒక్కొక్కరినీ చంపుతూ వచ్చి, చివరికి ఆమెను పట్టుకుని, నేను యజమానుల బట్టలు ఉతికేవాణ్ణి, నన్నెందుకు కాల్చావని అడుగుతాడు. మీరెవరూ మా గ్రహం మీద ఉండవలసినవాళ్లు కాదు, అందరూ మాకు లక్ష్యాలే అని ఆమె జవాబు. నేను ఈ జవాబుతో పూర్తిగా ఏకీభవించలేను, కొట్టిపారేయనూ లేను. ఆక్రమించినవాడి హింసనూ ఆక్రమణకు గురైనవాడి హింసనూ ఒకే తక్కెడలో వేయడం న్యాయం కాదు, కానీ బట్టలు ఉతికేవాడు ఆ తక్కెడలో ఎటువైపు అన్నది తేలదు. కీరా చేసినదాన్ని దాచదు, దానికి విగ్రహమూ కోరదు. అంతమాత్రాన ఆ పనివాడి ముఖం బాగుపడదు.

కథ చివరికి వచ్చేసరికి రచయితలు డుకాట్‌ను దయ్యం పట్టినవాడిగా, ఎర్రకళ్ల రాక్షసుడిగా మార్చేశారు. అభిమానుల మోజును విరగ్గొట్టాలనుకున్నారేమో, విరగ్గొట్టిన తీరు మాత్రం అనవసరం. గుహలో అతను తన నోటితోనే తనను బయటపెట్టుకున్నాక ఇంక దయ్యాలతో పనేముంది? మనిషిగా అతను చేసినది చాలదన్నట్టు అతీంద్రియ శక్తులను తేవడం వల్ల నేరం మనుషుల చేతుల్లోంచి జారిపోయింది.

డమార్ ముగింపు కూడా నాకు సంతృప్తి ఇవ్వలేదు, కారణం వేరు. డొమినియన్ కోట మీద దాడిలో అతను తూటా తగిలి చనిపోతాడు. ఓడిపోతున్న డొమినియన్ కార్డాసియాను ఊచకోత కోస్తుంది, ఎనిమిది వందల మిలియన్ల మంది చనిపోయారంటారు. శవాల మధ్య నిలబడి క్లింగాన్ సేనాని మార్టోక్ విజయానికి మద్యం తాగుదామంటాడు, బజోర్‌వాళ్లైతే దీన్ని న్యాయమే అంటారని కూడా అంటాడు. సిస్కో గ్లాసులోది నేలమీద పోసేసి వెళ్లిపోతాడు. గరక్ మాత్రం ఓదార్చడానికి వచ్చిన డాక్టర్ బషీర్‌తో, మాకు తగిన శాస్తే జరిగిందని కొందరంటారు, మేమేమీ నిరపరాధులం కాము అని చెబుతాడు. ఆ మాట డమార్ నోట, బజోర్ నేల మీద, కీరా పక్కన కాకపోయినా గాలిటెప్ నుంచి బతికి బయటపడ్డవాళ్ల ఎదుట వినవలసింది. తూటాకు ఎదురు నిలబడడానికి డమార్‌కు ధైర్యం ఉందని మనకు ముందే తెలుసు. బజోర్ వెళ్లి ఆ గ్రామాల్లో తలదించుకుని నిలబడే ధైర్యం, అక్కడ ఎవరైనా నీ ముఖం చూడం పొమ్మంటే తిరిగి వచ్చే ధైర్యం అతనికి ఉండేదా అన్నదే నాకు కావలసిన ప్రశ్న. రచయితలు అతణ్ణి వీరుడిగా చంపేసి ఆ ప్రశ్నను తప్పించుకున్నారు. ఇంకో సీజన్ ఉండి, ఆ ఎనిమిదో సీజన్ మొత్తం యుద్ధాలేమీ లేకుండా డమార్ బజోర్ ప్రయాణం మీదే నడిచి ఉంటే, నేను ఈ సిరీస్‌ను ఇప్పుడు పొగుడుతున్నదానికంటే ఎక్కువగా పొగిడేవాణ్ణి.